సీసాలో మిగలాల్సిన నాలుగు

రిటైరై ఏడేళ్లయినా ఆయన్ని అందరూ చెకింగాయన అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి కాదు, కాళ్లు చూసి పట్టుకునేవాడు. అలాంటివాడి కాళ్లు తలుపువైపే తిరిగి ఉంటాయట.

ఆ రోజు క్యాన్సర్ ఆసుపత్రి రెండో అంతస్తులో, పరిశోధన గదిలో, ఆయన కాళ్లు తలుపువైపే ఉన్నాయి.

పెద్దాసుపత్రికి చిన్నాచితకా ఊళ్లలో పదకొండు శాఖలు. కొత్త మాత్రని పరీక్షించడానికి ఆ శాఖలన్నిటి నుంచీ రోగుల్ని తీసుకున్నారు. చెకింగాయనకి పేగు క్యాన్సర్. పాత మందులన్నీ చేతులెత్తేశాక ఇక మిగిలింది ఈ మాత్రే. రోజుకి రెండు, ఇరవై ఒక్క రోజులు. వేసుకున్న వేళ, పడ్డ ఇబ్బంది డైరీలో రాయాలి. గడువయ్యాక డైరీ, సీసా తెచ్చి నర్సుకి అప్పగించాలి.

డైరీలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఉదయం ఎనిమిది, రాత్రి ఎనిమిది. ఇబ్బంది: ఏమీ లేదు. ఇరవై ఒక్క రోజులూ అదే వరస.

నిజానికి రెండో వారం నుంచీ ఆయనకి ఇబ్బంది తప్ప ఇంకేమీ లేదు. వాంతులు, అరికాళ్ల మంట. తొమ్మిది మాత్రలు మానేశాడు. చెబితే పరీక్షలోంచి తీసేస్తారని, తీసేస్తే తన పని అయిపోయినట్టేనని భయం. అందుకే బయల్దేరే ముందు మిగిలిన మాత్రల్ని చూడనైనా చూడకుండా కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేశాడు.

నర్సు సీసాని ట్రేలోకి బోర్లించింది. ఏమీ రాలలేదు. అడుగున రెండు దెబ్బలు కొట్టింది.

"బాబాయ్‌గారూ, మిగతావేవీ?"

"మిగతావేంటమ్మా? రోజుకి రెండు, మొత్తం నలభై రెండు. అన్నీ మింగేశాగా."

"సీసాలో నలభై ఆరు పెడతామండీ. ఎప్పుడైనా కింద పడితే పనికొస్తాయని. ఆ నాలుగూ వెనక్కి రావాలి."

చెకింగాయన సీసా విప్పిన రోజు లెక్కపెట్టలేదు. డిపో నుంచి సీలుతో వచ్చిన టికెట్ల కట్టనీ ఏనాడూ లెక్కపెట్టలేదు. కండక్టర్లని అనుమానించాడు, ప్రయాణికుల్ని అనుమానించాడు, ఒకసారి సొంత తోడల్లుణ్ణి నడిదారిలో దింపేశాడు. సీలుని మాత్రం నమ్మాడు.

నర్సు ఇంకేమీ అడగలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది. కండక్టర్ల దగ్గర ఆయనా అలాగే కూర్చునేవాడు. ఎంత గట్టిపిండమైనా పది లెక్కపెట్టేలోగా నిజం చెప్పేసేది. ఆయన ఏడు దాకా ఆగాడు.

"తొమ్మిది మానేశానమ్మా. మిగిలినవి పారేశాను. నన్ను తీసెయ్యకండి."

"ఇబ్బంది చెబితే తీసెయ్యరండీ, డోసు తగ్గిస్తారు. మీకేమైందో మీరు దాచేస్తే, రేపు ఈ మందు వేసుకునేవాళ్ల గతేంటి? ఒక్కో గడీ కొట్టేసి నిజం రాయండి. పాతది కనపడేలా ఒకటే గీత, పక్కన సంతకం."

ఆయన పెన్ను తీశాడు. పదో రోజు, వాంతి. పన్నెండో రోజు, రెండుసార్లు. పద్నాలుగో రోజు దగ్గర ఆగి, "చచ్చిపోతానేమోనని భయమేసింది" అని రాశాడు.

నర్సు తొంగి చూసింది. "భయానికి గడి లేదండీ" అంది. కొట్టెయ్యమని మాత్రం అనలేదు.

పక్క కుర్చీలో కూర్చున్న భార్య డైరీ మీద వేలు పెట్టింది.

"పదకొండో రోజు వదిలేశారు."

"ఆ రోజేం కాలేదే."

"పొద్దున్నే మూడుసార్లు. నాకు వినపడకూడదని పంపు విప్పుకున్నారు. నేను తలుపవతలే నిలబడున్నా."

పదకొండో గడి కొట్టేసి, మూడు అని రాసి, సంతకం పెట్టాడు.

నర్సు ఫోన్లో డాక్టరుతో చాలాసేపు మాట్లాడింది. సగం బలమున్న మాత్రలిస్తారట, ఆయన్ని ఉంచుతారట. చెకింగాయనకి ప్రాణం లేచొచ్చింది. కొత్త సీసా ఇస్తే తను ముట్టుకోకుండా భార్య వైపు జరిపాడు. ఆవిడ సీలు తీసి రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై ఆరు. మూత బిగించి తన సంచిలో వేసుకుంది.

మెట్లు దిగుతుంటే అంది, "ఇకమీదట వాంతొస్తే పంపు విప్పకండి. నీళ్లు దండగ."

సరేనన్నాడు. నాలుగు మెట్లు దిగాక కమ్మీ పట్టుకుని నిలబడిపోయి, దారిన పోయేవాళ్లంతా చూస్తుండగా గట్టిగా ఏడ్చాడు. ఆవిడ ఒక మెట్టు కింద ఆగి, ఆయన ఏడవడం అయ్యేదాకా ఉంది.