ఒయిమా అత్త బెండతోట

మా ఒయిమా అత్త బెండతోటను పశువు మేసిపోయిన రోజు శనివారం. ఫిబ్రవరి నెల. మెట్ట పొలాలన్నీ ఎండి దుమ్ము రేగుతున్నాయి. ఆ రోజుల్లో మా ఇగ్బో ఊరు ఉమూజెలులో పచ్చగా కనిపించేవి వాగు ఒడ్డున ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు మోసి పెంచుకునే కూరపాదులు మాత్రమే. పొద్దున్నే బెండకాయలు కోసుకుందామని వెళ్ళిన అత్తకు మొక్కలకు బదులు మొండి కాడలు కనిపించాయి. వంగ మొక్కలు విరిగి పడున్నాయి. తడిమట్టిలో గిట్టల గుర్తులున్నాయి.

అత్త కేకలు పెట్టలేదు. గట్టు మీద కూర్చుని కాసేపు చూసి, బుట్ట తలకిందులుగా నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చింది. నేను బడిలో టీచర్ని, ఆ రోజు సెలవు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. "ఆవు మేసింది" అంది నాతో, అంతే. నేనెవరికీ చెప్పలేదు గానీ, పది గంటలకల్లా ఊరంతా తెలిసిపోయింది. పక్క పాదుల ఆడవాళ్ళు కూడా చూశారు కదా.

అత్త అంటే మా నాన్నకు అక్క. అరవై నాలుగేళ్ళు. భర్త పోయాక పుట్టింటికి తిరిగొచ్చి పదకొండేళ్ళవుతోంది. ఊరి ఆడపడుచులందరిలోకీ పెద్దది. మా వైపు ఆడపడుచులు ఎక్కడెక్కడికి కాపురానికి వెళ్ళినా పుట్టింటి తగాదాల్లో వాళ్ళ మాటకు బరువుంటుంది. పెద్దమనుషులు కూడా దాన్ని అంత తేలిగ్గా తీసెయ్యలేరు.

ఆవు అనగానే ఊళ్ళో అందరి చూపూ యేరో మీదికి వెళ్ళింది. యేరో ఫులానీ, అంటే ఉత్తరాది నుంచి వచ్చిన పశువుల కాపరుల జాతి, ముస్లింలు. మా పడమటి గుట్ట అవతల గడ్డి మైదానంలో ఐదు గుడిసెలు, డెబ్బై ఎనభై ఆవులు, వాటికి పెద్ద అతను. వాళ్ళ నాన్న, మా ఇగ్బో ప్రాంతం విడిపోవాలని జరిగిన యుద్ధం ముగిసిన మరుసటేడు మందతో వచ్చి అక్కడే ఆగిపోయాడు. యేరో పుట్టింది ఆ గుట్ట కిందే, వాళ్ళమ్మను పాతిపెట్టింది కూడా అక్కడే. మా ఇగ్బో భాషను మా యాసలో మావాళ్ళకంటే బాగా మాట్లాడతాడు. అయినా అతన్ని ఊరివాడని ఎవరూ అనరు, అలాగని అతని మీద కోపమూ ఒకప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు కాలం మారింది.

మారిందని నాకు బాగా తెలిసింది మా తమ్ముడు చిడూబెమ్‌ను చూశాకే. వాడికి ఇరవై ఆరేళ్ళు. ఎనుగు పట్నంలో చదువుకుని, ఉద్యోగం దొరక్క, ఆటో నడుపుతున్నాడు. ఊరి కుర్రకారుకు నాయకుడు. మూడు నెలల కిందట పక్క మండలంలో మంద పొలంలో పడితే అడ్డం వెళ్ళిన రైతును బయటినుంచి వచ్చిన కాపరులు నరికేశారు. ఆ రైతు చిడూబెమ్ స్నేహితుడు ఎబుకాకు తండ్రి. అప్పటినుంచి వాడి ఆటోలో పాటలు ఆగిపోయి, మా ప్రాంతం దేశం నుంచి విడిపోవాలనే రేడియో ప్రసంగాలే మోగుతున్నాయి. బహిరంగంగా మందలు తోలకూడదని ప్రభుత్వంవాళ్ళు చట్టం చేశారనీ, అది అమలు చెయ్యమంటే ఉత్తరాదివాళ్ళకు భయపడి నోరు మూసుకున్నారనీ వాడి వాదన. అందులో సగం నిజమే.

ఆ మధ్యాహ్నమే ఊరి సంఘం సభ పెట్టారు. సంఘానికి అధ్యక్షుడు ఒమెజే పెద్దయ్య, పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైనవాడు. మూడేళ్ళుగా మా వంశ చరిత్ర రాస్తున్నాడు. మాకు మూలపురుషుడు ఎజెలు. ఊరు పేరుకు అర్థమే ఎజెలు పిల్లలని. కానీ ఆ ఎజెలు ఎక్కడివాడన్న దాని మీద ఊళ్ళో మూడు మాటలున్నాయి. కొందరు ఈ గుట్టమీదే నేలలోంచి పుట్టాడంటారు. మా నానమ్మ వైపువాళ్ళు ఏటి అవతలి ఇగాలా దేశం నుంచి వేటకొచ్చి, ఇక్కడి పిల్లను కట్టుకుని ఉండిపోయాడంటారు. ఒమెజే పెద్దయ్యకు ఈ రెండూ నచ్చవు. ఆయన పుస్తకంలో మొదటి అధ్యాయం యెరూషలేంతో మొదలవుతుంది.

సభ మొదట్లో ఆనవాయితీగా కోలా కాయ పగలగొట్టి పంచాక పెద్దయ్య అక్కడినుంచే అందుకున్నాడు. మనం దేవుడు ఎన్నుకున్న జనమనీ, ఎర్ర సముద్రం దాటి నడిచొచ్చినవాళ్ళమనీ, ఇలాంటివాళ్ళ నేల మీద అన్యులు మంద తోలడం ఏమిటనీ సాగిపోతున్నాడు. అత్త చెయ్యెత్తింది.

"ఒమెజే, అంత దూరం నడిచొచ్చిన జాతివాడివి, సంతకు పోడానికి కూడా మావాడి ఆటో ఎందుకెక్కుతావు?"

అందరూ నవ్వారు. పెద్దయ్య కూడా మీసంలో నవ్వుకుని, తన మోకాళ్ళ నొప్పుల సంగతి చరిత్రలో రాయడం లేదన్నాడు. చిడూబెమ్ ఒక్కడే నవ్వలేదు. యేరో వాళ్ళకు ఏడు రోజులు గడువిచ్చి పొమ్మనాలని తీర్మానం రాసుకొచ్చాడు. అది చదివి వినిపించాడు. చాలామంది తల ఊపారు. భయం అందరికీ ఉంది. నాకూ ఉంది.

అత్త ఒప్పుకోలేదు. తోట తనది, నష్టం తనది, కాబట్టి ముందు తాను వెళ్ళి యేరోను అడుగుతానంది.

"అత్తా, నీకు పోయినవి బెండకాయలు. ఎబుకా వాళ్ళ నాన్నకు ప్రాణమే పోయింది. ఆ శవపేటిక మోసినోణ్ణి నేను" అన్నాడు చిడూబెమ్.

"తెలుసురా. నువ్వు భుజం వాచి వచ్చిన రాత్రి కాపడం పెట్టింది నేనే." అత్త లేచి నిలబడింది. "నాకెనిమిదేళ్ళప్పుడు ఉత్తరాన జోస్‌లో మా వీధి చివర జనం ఇట్లాగే కూడి మాట్లాడుకున్నారు. ఈ ఇగ్బోవాళ్ళు ఎక్కణ్నించో వచ్చారు, పోవాలి అని. మమ్మల్నెవరూ ఏమీ అడగలేదు. మా అమ్మ నన్ను చేత పట్టుకుని, మీ నాన్నను వీపున కట్టుకుని రైలెక్కింది. మా నాన్న ఎక్కలేకపోయాడు. అందుకే అడుగుతానంటున్నా. అడిగాక అది వాడి ఆవేనని తేలితే, పొమ్మని చెప్పే నోరు కూడా నాదే."

సభ సరేనంది. అత్త జోస్ మాట ఎత్తడం నేను వినడం అదే మొదలు.

నాలుగు గంటలకు బయల్దేరాం. అత్త, నేను, ఒమెజే పెద్దయ్య. చిడూబెమ్ పిలవకుండానే వెనకే వచ్చాడు. మమ్మల్ని చూడగానే యేరో గుడిసె ముందు చాప పరిచాడు. పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు. వాళ్ళ ఆవిడ సొరబుర్రలో పెరుగు తెచ్చి పెట్టింది. అత్త తాగింది, నేనూ తాగాను. పెద్దయ్య మోకాళ్ళకు పుల్లటివి పడవన్నాడు. చిడూబెమ్ కూర్చోనే లేదు.

అత్త విషయం చెప్పింది. యేరో అడ్డం చెప్పలేదు, ఒట్లు పెట్టుకోలేదు. "చూసొద్దాం పద అక్కా" అని కర్ర తీసుకుని లేచాడు.

తోటలో అతను చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. గిట్టల గుర్తులో అరచెయ్యి పెట్టి చూశాడు. కొరికిన కాడలన్నీ ఎంత ఎత్తులో తెగాయో మోకాలితో కొలుచుకున్నాడు. వాగు వైపు నాలుగడుగులు వేసి తిరిగొచ్చాడు. అతని ముఖంలో ఇబ్బంది కనిపించింది, తప్పు చేసినవాడి ఇబ్బంది కాదు, ఎలా చెప్పాలో తెలియని ఇబ్బంది.

"అక్కా, నా ఆవు ఒంటరిగా తిరగదు. ఒకటి వచ్చిందంటే వెనక ఇరవై వస్తాయి, నీ తోటలో వేరు కూడా మిగలదు. ఇది ఒక్కటే వచ్చింది. పొట్టిది. కుడి వెనక కాలు ఈడుస్తోంది." తల తిప్పి ఊరి వైపు చూశాడు. "నావన్నీ మూపురమున్న పెద్దవి. ఇది మూపురం లేని ఆవు. మీదే."

మాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. ఊరికి తూర్పున చిన్న తోపులో ఎజెలు గుడి ఉంది. అక్కడ ఎజెలు పేరు మీద వదిలిన ఆవు తరతరాలుగా ఒకటుంటుంది. నల్లది, పొట్టిది, మా దేశవాళీ రకం. ఎజెలు సంతానంలో ఎవరూ దాన్ని కొట్టకూడదు, కట్టకూడదు, అదిలించకూడదు. దాని బాగోగులు చూసే పూజారి నాలుగేళ్ళ కిందట పోయాడు. కొడుకు లేగోస్‌లో పాస్టరు. మేమంతా ఆదివారం చర్చికి పోయేవాళ్ళమే కాబట్టి ఆ ఆవు మాట ఎవరూ ఎత్తరు, అలాగని దాని జోలికీ పోరు.

చిడూబెమ్ నమ్మలేదు. తప్పించుకోడానికి మన తాత మీదికే నెడుతున్నాడన్నాడు. యేరో కోప్పడలేదు. అడుగుల వెంట నడుద్దామన్నాడు. వాగు దాటాం, కర్ర పెండలం పొలం పక్కగా వెళ్ళాం. తోపు లోపల చెట్టు నీడలో ఎజెలు ఆవు పడుకుని తీరుబడిగా నెమరేస్తోంది. మూతి పక్కన ఒక బెండాకు అంటుకుని ఉంది.

ముందుగా నవ్వింది అత్తే. నవ్వి నవ్వి నా భుజం పట్టుకుంది. "మా తాతకు ఈ వయసులో బెండకాయలు తినాలనిపించిందన్నమాట" అంది. పెద్దయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, నవ్వాలో దండం పెట్టాలో తేల్చుకోలేక. చిడూబెమ్ ఆ బెండాకునే చూస్తూ నిలబడ్డాడు.

యేరో నవ్వలేదు. అతను ఆవు కాలు చూస్తున్నాడు. గిట్ట పైన ఎవరో కుందేళ్ళకు పెట్టిన ఉచ్చు తీగ బిగుసుకుని, చర్మంలో దిగిపోయి చీము పట్టింది. దూరం నడవలేక, గడ్డికి పోలేక, దగ్గర్లో మెత్తగా ఉన్న కూరపాదులకు అలవాటు పడింది. ఇంకో వారం ఆగితే పడిపోతుందన్నాడు యేరో. తీగ కోసి తీయాలంటే ఆవును పడేసి కట్టాలి. కట్టడం మాకు నిషిద్ధం.

అందరం ఒమెజే పెద్దయ్య వైపు చూశాం. వంశ నియమాలు తెలిసినవాడు ఆయనే. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించాడు.

"కట్టకూడదన్నది ఎజెలు పిల్లలకి" అన్నాడు చివరికి. "ఇతను ఎజెలు పిల్లవాడు కాదు. ఇతనికి ఏ అడ్డూ లేదు."

యేరో ఆవుతో ఫులానీ మాటల్లో ఏదో గొణుగుతూ దగ్గరికి వెళ్ళి, మెడ కింద గోకి, తాడు వేసి మెల్లగా పక్కకు ఒరిగించాడు. ఒక్కడివల్ల కాలేదు. తల పట్టుకోడానికి మనిషి కావాలి. పట్టుకోవడం కట్టడం కాదని పెద్దయ్య తేల్చాడు. చిడూబెమ్ చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆవు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. తీగ ఊడొచ్చినప్పుడు అది విదిలిస్తే వాడి గడ్డానికి కొమ్ము తగిలింది. వాడు వదల్లేదు. యేరో వేపాకు నూరి, ఏదో నూనె కలిపి పట్టు వేశాడు.

పని అయ్యాక వాళ్ళిద్దరూ వాగులో చేతులు కడుక్కున్నారు. నేను పక్కనే ఉన్నాను. చిడూబెమ్ క్షమించమనలేదు. ఎండాకాలం వచ్చే బయటి మందల సంగతేమిటని సూటిగా అడిగాడు, వాళ్ళ దగ్గర తుపాకులుంటాయి కదా అన్నాడు.

"ఉంటాయి. వాళ్ళు నా మాట వినరు, తమ్ముడూ. అబద్ధం చెప్పి నీ దగ్గర మంచోణ్ణి అనిపించుకోను" అన్నాడు యేరో. "నాకూ వాళ్ళంటే భయమే. పోయినేడు నా కోడెల్ని రెండింటిని తోలుకుపోయారు. కానీ వాళ్ళు ఏ దారిన వస్తున్నారో నాకు రెండ్రోజుల ముందే తెలుస్తుంది. నీకు ఫోన్ చేస్తా."

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. కొడుకును కాలేజీలో చేర్పించడానికి స్వస్థలం కాగితం అడిగితే ఇక్కడి ఆఫీసులో ఉత్తరానికి పొమ్మన్నారనీ, బౌచీ దాకా పోతే అక్కడివాళ్ళు మీరు ఇగ్బో దేశంవాళ్ళు కదా అన్నారనీ యేరో చెప్పాడు. తనకు డిగ్రీ ఉండీ ఏ ఆఫీసూ రానివ్వలేదని చిడూబెమ్ చెప్పాడు. వాడు ప్రాంతం విడిపోవాలన్న మాట మానలేదు, ఇప్పటికీ మానలేదు. ఆ రేడియో ఇంకా వింటాడు. తీర్మానం కాగితాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ సభలో తియ్యలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం మళ్ళీ కూర్చుంది. ఎజెలు ఆవు బాగోగులు యేరోకు అప్పగించారు. మందలు వాగు దిగువ రేవులోనే నీళ్ళు తాగాలనీ, కొత్త మంద కనిపిస్తే ముందు చిడూబెమ్‌కు కబురు రావాలనీ అనుకున్నారు. పూర్వీకుడి ఆవును ముస్లిం చేతిలో పెట్టడం ఏమిటని ఒకాయన గొణిగితే, క్రైస్తవులెవరైనా ముందుకు రండి అని అత్త అడిగింది. ఎవరూ రాలేదు.

మర్నాడు సోమవారం. విడిపోవాలనేవాళ్ళ పిలుపు మీద మా ప్రాంతంలో సోమవారాలు బందు. బళ్ళు, బజార్లు, ఆటోలు ఏవీ కదలవు. ఊళ్ళో పనిలేని చేతులకు కొదవ లేదు. చిడూబెమ్ పన్నెండు మందిని వెంటేసుకుని వాగు దగ్గరికి వెళ్ళాడు. యేరో కొడుకు ముళ్ళకంప ఎలా అల్లితే పశువు మూతి పెట్టదో చూపించాడు. మావాళ్ళు వంకరగా పాతిన గుంజల్ని అతను ఊడబెరికి మళ్ళీ పాతుతుంటే తిట్లూ నవ్వులూ ఒడ్డుదాకా వినిపించాయి. మధ్యాహ్నానికి ఆడవాళ్ళ పాదులన్నిటికీ చుట్టూ కంచె లేచింది.

అత్త, నేను గింజల పిండి కలిపి అరిటాకుల్లో ఒక్పా పొట్లాలు ఉడికించి గంపలో మోసుకెళ్ళాం. వేడివేడిగా, కారం దట్టించి. ఒమెజే పెద్దయ్య ఒక సీసా కల్లు తెచ్చాడు. యేరో కల్లు వద్దని ఒక్పా మూడు పొట్లాలు తిన్నాడు. అందరూ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. వాన ఇంకా రెండు నెలల దూరంలో ఉంది. అత్త మాత్రం తిన్న చెయ్యి కడుక్కుని, కొంగులో మూటగట్టి తెచ్చిన విత్తనాలు విప్పింది. కొత్త కంచె లోపల వేలితో గుంటలు చేస్తూ, ఒక్కొక్కదాంట్లో రెండేసి వేసుకుంటూ వెళ్ళింది.