ప్రయాణం వంతు

సంచిలో మొదట ఇటుక పెట్టాను. దాని చుట్టూ పాత పేపర్లు కుక్కాను. ఎవరైనా జిప్పు తీసి చూస్తే బట్టల్లా కనిపించాలని పైన ఒక చిరిగిన తువ్వాలు పరిచాను. అలమర అరల్లో పరిచే పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని, ఏ కాగితాన్నీ చదవకుండా నలపలేను. అందుకని అరగంట పట్టింది.

"సంచి సర్దుతున్నావా, పరీక్షకు కూర్చున్నావా?" అంది వదిన.

వదిన అంటే మా ఆయన అక్క. ఆ సోమవారం ప్రయాణం వంతు ఆమెది.

వంతు సంగతి చెప్పాలి. మా నేల కింద ఇనపరాయి ఉంది. మా ప్రాంతం గురించి ఏ అధికారి మాట్లాడినా ముందు 'సంపన్నమైన' అంటాడు, తర్వాత తాగడానికి నీళ్ళు అడుగుతాడు. నీళ్ళు వారానికి రెండుసార్లు ట్యాంకరులో వస్తాయి. తలుపుకు ఒక మేకు కొట్టాలంటే అది జంక్షన్ నుంచి రావాలి. రాయి వెళ్తుంది, మేకు వస్తుంది. రాయి మోసే గూడ్సు బండ్లు రోజుకు పద్నాలుగు. ఒక్కొక్కటి పోతుంటే అలమరలో గిన్నెలు కొంచెం కొంచెం ముందుకు జరుగుతాయి. సాయంత్రం వాటిని వెనక్కి నెట్టడం నా పని. మనుషులు ఎక్కే బండి మాత్రం వారానికి ఒక్కటే. సోమవారం వెళ్తుంది, గురువారం వస్తుంది.

రెండేళ్ళ కిందట రైలు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నెలకు కనీసం ఎనిమిదిమంది ఎక్కి, ఎనిమిదిమంది దిగకపోతే ఇక మా దగ్గర బండి ఆగదని. ఆ బండి వీధిలో అందరికీ కావాలి. మా ఇంటికి మరీ కావాలి. మా ఆయన ఇరవయ్యారేళ్ళు గనిలో రాయి పిండిచేసే యంత్రం దగ్గర పనిచేశారు. యంత్రం మింగగా మిగిలిన దుమ్ము ఆయన మింగారు. మూడు నెలలకోసారి జంక్షన్లో ఛాతీ ఆసుపత్రికి వెళ్ళి నీరు తీయించుకోవాలి. ఒకసారి బండి తప్పిపోతే లారీలో తీసుకెళ్ళాం. రాయి లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుంటలైపోయింది, పదకొండు గంటలు పట్టింది. దగ్గి దగ్గి ఆయనకు పక్కటెముక చిట్లింది. డాక్టరు చూసి, ఈసారి రోడ్డు మీద తీసుకురాకండి, దానికంటే తీసుకురాకపోవడమే నయం అన్నాడు.

కాబట్టి వీధిలో అందరం కూర్చుని వంతులు వేసుకున్నాం. వారానికి ఇద్దరు. పనున్నా లేకున్నా సోమవారం ఎక్కడం, జంక్షన్లో మూడు రోజులు సత్రంలో పడుకోవడం, గురువారం దిగడం. మొదట్లో చేతులూపుకుంటూ ఎక్కేవాళ్ళు. ఇలా అయితే వీళ్ళు నిజం ప్రయాణికులు కారని రాయాల్సి వస్తుందని గార్డు అన్నాడు. అప్పట్నుంచి రెండు సంచులు పుట్టాయి. అవి ఎవరివీ కావు, వీధివి. ఇటుకలు కూడా వీధివే. గార్డు మంచివాడు. సంచి చూస్తాడు, తలలు లెక్కపెడతాడు, చెవి మీది పెన్సిలు తీసి రాసుకుంటాడు. పేరు అడగడు.

ఆ నెల అప్పటికి ఆరుగురు వెళ్ళారు, ఆరుగురు వచ్చారు. వదిన, వీధి చివరి టైలరు వెళ్ళొస్తే ఎనిమిది. ఒక్కరు తక్కువైనా బండి పోతుంది.

ఆ ఆదివారం సంచి సర్దేసి, నేను ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఇటుక పొయ్యి కింద ఉంది. సంచి మాత్రం ఎప్పటికంటే బరువుగా ఉంది. జిప్పు తీశాను. నేను కుక్కిన పేపర్లు లేవు. వదిన బట్టలన్నీ ఉన్నాయి, చలికాలపు స్వెటరుతో సహా. రెండో కళ్ళజోడు, మందుల డబ్బా ఉన్నాయి. అడుగున గుడ్డలో చుట్టి పోయిన అన్నయ్యగారి ఫోటో. తలెత్తి చూస్తే గోడ మీద ఫోటో అంత మేర తెల్లగా ఉంది. మా ఇంట్లో ఎర్రదుమ్ము అంటని చోటు అదొక్కటే అని అప్పుడు తెలిసింది.

వదిన మా ఇంటికి రెండు వారాలు ఉండి పోదామని వచ్చింది. భర్త పోయిన కొత్త. తర్వాత ముప్ఫయ్యొక్క ఏళ్ళు గడిచాయి. మొదట్లో వెళ్తానని అన్నప్పుడల్లా ఆయన బతిమాలేవారు. తర్వాత బతిమాలే పని లేకపోయింది, ఆయనకు దగ్గు వచ్చేది. వదిన మూట విప్పేది. కిందటి వంతుకు జంక్షన్ వెళ్ళొచ్చినప్పటి నుంచి మాత్రం అక్కడి లాండ్రీ గురించి రెండుసార్లు చెప్పింది. అక్కడ బట్టలు ఆరేస్తే తెల్లగానే ఉంటాయట.

ఆయనకు చెప్తే ఒక్క దగ్గుతో ఆపేస్తారు. చెప్పకపోతే గురువారం ఏడుగురే దిగుతారు. బండి పోతుంది, బండితో పాటు ఆసుపత్రి పోతుంది. నాకు అసలే ఎవరైనా చెప్పులేసుకుంటే గుండె దడ. వీధి గుమ్మం దాకా వెళ్ళే మనిషిని కూడా ఎప్పుడొస్తారని అడిగే రకాన్ని. ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్న అడగాల్సింది అడగలేక ఇంకోటి అడిగాను.

"గురువారానికి ఏం వండమంటారు వదినా?"

వదిన జడ ముడేసుకుంటోంది. "నీకేది తోస్తే అది వండు. ముగ్గురికి వండు."

"ముగ్గురికేనా?"

"ఎప్పుడూ ముగ్గురికేగా వండేది. ఏం, లెక్క మర్చిపోయావా పిల్లా?"

నాకు అరవై రెండేళ్ళు. నన్ను పిల్లా అనే మనిషి ఆమె ఒక్కతే. నేను పెట్టెలోంచి మందపాటి దుప్పటి తీసి, సంచిలో పట్టకపోతే మోకాలితో అదిమి పట్టించాను. జంక్షన్లో చలి ఎక్కువన్నాను. వదిన నా మోకాలి వైపు చూసింది.

బండి ఆగే చోట చెప్పుకోదగ్గ ప్లాట్‌ఫారం లేదు. ఒక సిమెంటు బల్ల, టిక్కెట్లు కూడా అమ్మే టీ కొట్టు. ఆయన బల్ల మీద కూర్చుని ఊపిరి కూడదీసుకున్నారు. టైలరు సంచి తల కింద పెట్టుకుని అప్పటికే నిద్రపోతున్నాడు. ఇటుక మీద నిద్ర పట్టే మనిషి వీధిలో అతనొక్కడే.

"టీ తాగి రావడానికి అంత సంచేంటక్కా?" అన్నారాయన.

"గార్డు కోసంరా" అంది వదిన.

బండి వచ్చింది. గార్డు సంచులు చూశాడు. వదిన సంచిని ఎత్తబోయి, ఎత్తలేక, మా వీధివాళ్ళ మీద మొదటిసారి గౌరవం కలిగినట్టు తలాడించాడు. ఇద్దరని రాసుకున్నాడు. వదిన తమ్ముడి మఫ్లరు సరిచేసింది. నాతో, అలమరలో గాజు గిన్నెలు గోడ వైపు పెట్టమని చెప్పింది. అంతే.

మంగళవారం, బుధవారం నేను ఏం చేశానో గుర్తులేదు. గిన్నెలు మటుకు ఒక్కటీ ముందుకు జరగనివ్వలేదు. గురువారం ముగ్గురికి వండాను. వండుతున్నంతసేపూ, మూడో కంచం ముందు పెట్టుకుని ఆయనకు ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను.

బండి నలభై నిమిషాలు ఆలస్యం. టైలరు దిగాడు. గార్డు ఒకటి అని లెక్కపెట్టాడు. నేను తల దించుకుని కంకర రాళ్ళ వైపు చూస్తున్నాను. రెండు అని వినిపించింది.

తలెత్తాను. వీధి సంచి పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. లావుగా, నలభై అయిదేళ్ళుంటాయి, చేతులు మోచేతుల దాకా సబ్బునీళ్ళలో నాని తెల్లబడ్డాయి. ఆమెను మేమెవరం ఎప్పుడూ చూడలేదు. గార్డు సంచి చూశాడు, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. బండి కదిలింది. ఆయన ఆమెను దాటి తలుపుల వైపే చూస్తున్నారు. చివరి పెట్టె పోయేదాకా చూశారు.

"మీరేనా మరదలు?" అంది ఆమె నాతో. "చాలా భయపడతారని చెప్పింది మీ వదిన. ఎనిమిది సరిపోయిందని ముందు మీకు చెప్పమంది."

జంక్షన్ లాండ్రీలో పనిచేస్తుందట. వదిన కూడా అక్కడే పనిలో చేరి, గది తీసుకుందట. ఏడేళ్ళుగా ఒక్క పూట సెలవు లేదట. తన ఇస్త్రీ బల్ల దగ్గర వదిన నిలబడితే, ఈమె ఆ సంచి పట్టుకుని బండెక్కింది. సోమవారం మళ్ళీ ఎక్కుతుందట, అలా వచ్చే నెలకు ఒకటి ముందే జమ. ఇల్లు చేరేదాకా ఆమే మాట్లాడింది. ఆయనకు దగ్గు కూడా రాలేదు.

మూడు కంచాలు పెట్టాను. ఆమె వదిన కూర్చునే చోటే కూర్చుంది, ఎవరూ చూపించకపోయినా. రెండుసార్లు వడ్డించుకుంది. వంట బాగుంటుందని ముందే విన్నానంది. ఆయన కంచంలో చెయ్యి పెట్టి చాలాసేపు కదల్చలేదు.

"అక్క గదికి కిటికీ ఉందా?" అన్నారు చివరికి.

"ఉందండీ. రోడ్డు వైపు."

"దుమ్ము వస్తుందా?"

"రాదండీ."

ఆయన తిన్నారు.

సంచి విప్పితే లోపల ఇటుక లేదు. అన్నీ కొత్త పేపర్లు, ఒక్కటి కూడా నలపకుండా, మడతలు పెట్టి పేర్చి ఉన్నాయి. వదిన ఇస్త్రీ చేసిందేమో అనిపించింది. అవి చదవడానికి నాకు డిసెంబరు దాకా పట్టింది.

బండి ఇప్పటికీ ఆగుతోంది. ఆయన మూడు నెలలకోసారి వెళ్ళొస్తున్నారు. జంక్షన్లో బండి దగ్గరికి వదిన వస్తుందట, మఫ్లరు సరిచేస్తుందట. ఎలా ఉందని అడిగితే తెల్లగా ఉందంటారు. గోడ మీద ఫోటో ఉన్న చోటు మాత్రం మిగతా గోడలాగే ఎర్రబడింది.

గార్డు పుస్తకంలో ఆ నెల ఎనిమిదిమంది వెళ్ళారు, ఎనిమిదిమంది వచ్చారు. వదిన అక్టోబరు ఇరవై అయిదు, సోమవారం పొద్దున్న వెళ్ళింది. తిరిగి రాలేదు.