గడ్డిమళ్ల మధ్య కాలువ

కొమురెల్లి, నరహరి అన్నదమ్ములు. తార్నాకలో పక్కపక్క కొట్టాల్లో బర్రెలను పెంచుతారు. యూనివర్సిటీ వెనక పల్లంలో ఇద్దరికీ చెరో నేపియర్ గడ్డి మడి ఉంది. పంపకాల్లో తన్నే బర్రె తన వాటాకొచ్చిందని నరహరి అన్నతో మాటలు మానేశాడు. కొన్నేళ్లకు బర్రె తన్నడం మానేసింది. నరహరి మాత్రం మాట్లాడలేదు.

ఈ వానాకాలం కొమురెల్లి గడ్డి మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. ఆకులు కొసల నుంచి ఎండసాగాయి. బర్రెలు వాసన చూసి మూతి తిప్పుకున్నాయి, పాలు తగ్గాయి. ఆయన పాలు పోసే ఇళ్లలో ఒకదాంట్లో జ్యోతిర్మయి అద్దెకుంటుంది. యూనివర్సిటీలో మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఆమెకు ఒక ఆకు చూపించాడు.

"ఏం మందు కొట్టాలె బిడ్డా?"

"మందు కొట్టిన గడ్డి బర్రె తింటది, ఆ పాలు నేను తాగుత. ముందు మడి చూద్దాం పా కాకా."

సాయంత్రం ఇద్దరూ వెళ్లారు. గడ్డి మనిషెత్తు దాటింది. మొదళ్లలో నీళ్లు నిలిచాయి. రెండు మళ్ల మధ్య కాలువ పూడిపోయింది.

"ఆకుమచ్చ తెగులు కాకా. నీళ్లు నిల్చి, గాలాడక వచ్చింది. మొదలంటా కోసి, మచ్చలున్నది దూరం పారేయాలె. కాలువెందుకు తీయలే?"

"సగం వానిది."

"మీ సగం తీయొచ్చు గదా?"

"తీస్తే నీళ్లు వాని దిక్కు ఆగుతయి. కావాలని జేసిన అంటడు."

అవతల నరహరి గడ్డి కోస్తున్నాడు. జ్యోతిర్మయి గట్టు దాటి చూసింది. అక్కడా అవే మచ్చలు. ఆయనకూ అదే మాట చెప్పింది. నరహరి కొడవలి కింద పెట్టాడు.

"గాయనకు చెప్పు, రేపు పార తెస్తనని."

"విన్ననని చెప్పు" అన్నాడు కొమురెల్లి, పది అడుగుల దూరం నుంచి.

ఆమె ఇద్దరికీ చెప్పింది.

పొద్దున్నే చెరో కొస నుంచి తవ్వడం మొదలుపెట్టారు. మధ్యలో కలిసే చోట నరహరి పార ఎత్తితే బురద అన్న మొహం మీద పడింది.

"కండ్లు కనవడ్తలేవా?"

"కనవడ్తున్నయి. నువ్వే పక్కకు జరుగు."

నీళ్లు బుడబుడమంటూ కదిలాయి. అన్నదమ్ములు పారల మీద చేతులు పెట్టుకుని, నీళ్లు పూర్తిగా పోయేదాకా నిలబడి చూశారు. కొమురెల్లి మొహం మీది బురద తుడుచుకున్నాడు.

రెండు మళ్లూ నేలమట్టానికి కోశారు. చిగుళ్లొచ్చేదాకా మేత కావాలి. కొమురెల్లి దగ్గర జొన్నచొప్ప ఉంది. నరహరి వచ్చి ఒక మోపు ఎత్తుకున్నాడు.

"ఇంకోటి గూడ తీస్కపో. ఒక్కటేం సరిపోతది?"

రెండోది కూడా ఎత్తుకున్నాడు.

కొత్త గడ్డి పచ్చగా వచ్చింది. ముదరకముందే కోస్తున్నారు. నరహరి ఇప్పటికీ అన్న ఇంటికి పోడు. కాని మొన్న మడిలోంచి కేకేశాడు.

"అన్నా, నీ దిక్కు రెండు దుబ్బులకు మచ్చలొస్తున్నయి. చూస్కో!"

కొమురెల్లి చూసుకోవడానికి పోయాడు.