పిండి మీద కోటు

ట్రిఫీ, పిండిగిన్నెకి చుట్టిన కోటు అంచు కాస్త ఎత్తి లోపలికి చూసింది. పిండి పొంగలేదు. నిన్న కలిపినప్పుడు ఎలా ఉందో అలాగే, అలిగిన పిల్లలా గిన్నె అడుగున ముడుచుకుని కూర్చుంది. మళ్ళీ కప్పేసి పొయ్యిలోకి రెండు కట్టెలు తోసింది.

తప్పు తనదే. ఊళ్ళో కొట్టుకి రొట్టెలు చేసి పంపడమే ఆమె బతుకు. అంత చెయ్యితిరిగిన మనిషి నిన్న క్రిస్మస్ రొట్టెలో ఎండుద్రాక్ష గుప్పెళ్ళకొద్దీ పోసేసింది, వెన్నా చెరుకుపాకమూ చూసుకోకుండా ఒంపేసింది. బరువెక్కిన పిండి లేవడానికి బద్ధకిస్తుందని నిన్నగాక మొన్న గరిటె పట్టినవాళ్ళకి కూడా తెలుసు. కానీ ఇది ఆంబ్రోస్ కోసం. మోకాళ్ళు పోయి కొండమీది ఇంట్లో ఒంటరిగా ఉండలేక, మధ్యాహ్నం పడవలో అతను పట్నంలోని వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతున్నాడు. వేడి రొట్టె చేతిలో పెట్టి, వెళ్ళకు, నా ఇంట్లో ఉండు అని అడగాలని ఆమె ఆశ.

న్యూఫౌండ్‌లాండ్ దీవి చలిలో రొట్టెపిండిని పసిబిడ్డలా చుట్టి పడుకోబెట్టాలి. ట్రిఫీ చుట్టే ఉన్ని కోటు ఆంబ్రోస్‌దే. ఇద్దరూ చేపల ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో, వాన వెలిసిన ఒక సాయంత్రం ఇక్కడికొచ్చి, ఈ వంటింటి కుర్చీ మీద మరిచిపోయాడు. ఆ సాయంత్రమే పెళ్ళి మాట ఎత్తాడు. మంచాన పడ్డ అమ్మ సంగతి తేలనీ అంది ట్రిఫీ. అమ్మది గట్టి పిండం. ఆవిడ పోయేసరికి ఇద్దరి తలలూ నెరిశాయి. అతను మళ్ళీ అడగలేదు, ఈమె గుర్తుచెయ్యలేదు. సిగ్గుకైనా ఒక వయసుండొద్దూ!

శుక్రవారం శుక్రవారం వచ్చి, టీ తాగి, రొట్టె తిని పోయేవాడు. ఆ పూట ఆమె కోటు పెట్టెలో దాచేసేది. కోటు అడిగిననాడు ఆ మాట కూడా అడుగుతాడని ఎదురుచూసేది.

ఇవాళ దాచే వీలు లేదు. తలుపు తీసుకుని వచ్చిన ఆంబ్రోస్ గిన్నె వైపు చూసి నవ్వాడు. ఒంటిమీద పల్చటి జాకెట్టు, చేతిలో కర్ర.

"నా కోటు బాగానే కాపరం చేస్తోందే."

ట్రిఫీ మొహం కందిపోయింది. "తీసుకుపో. బయట గాలి కోసేస్తోంది," అంటూ గుండీ మీద చెయ్యి వేసింది.

"ఉండనీ. ఇప్పుడు తీస్తే పిండి ఇక పొంగదు."

"ఇక్కడుందని నీకు తెలుసా?"

"మొదట్నించీ తెలుసు. అడిగితే ఇచ్చేస్తావని అడగలేదు."

రేవులో పడవ కూత వేసింది. ఆమె గబగబా నిన్నటి రొట్టె అంచు కోసి అతని జేబులో కుక్కింది. జేబులో రొట్టె ఉంటే పొగమంచులో తిరిగే చిన్నవాళ్ళు, ఆ కంటికి కనపడని జానెడు మాయమనుషులు, దారి తప్పించరని ఆ ఊళ్ళో పసివాళ్ళకి కూడా తెలుసు.

"ముసలాళ్ళ ఆశ్రమంలో కూడా ఉంటారంటావా వాళ్ళు?"

"ఎక్కడైనా ఉంటారు. మెట్లు జారతాయి, చూసుకో."

అనవలసిన మాట అది కాదు. అతను ఒక్కో మెట్టూ కర్రతో తడుముకుంటూ దిగి వెళ్ళాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడి, పడవ కొండమలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత కూర్చుని ఏడ్చింది.

సాయంత్రానికి పిండి గిన్నె దాటి పొంగింది. అమ్మ నేర్పినట్టే తండ్రికీ కుమారుడికీ పరిశుద్ధాత్మకీ అని పాత్రకి మూడు ముద్దలు పెట్టి కాల్చింది. రొట్టెలు దివ్యంగా వచ్చాయి. అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసి, ఒకటి తిరిగి పెట్టేసింది.

కోటుకి అంటిన పిండి దులిపి, అతను మరిచిపోయిన కుర్చీకే తగిలించింది. అది ఇంకా వెచ్చగానే ఉంది.