కుడిచేతి వైపు పైపు

నేను ఒక రెడ్యూసర్‌ని, నీళ్ళ గొట్టాలను కలిపే ముక్కని. ఒక మూతి అంగుళం, ఇంకో మూతి అరంగుళం. మా వాళ్ళలో కప్లింగ్ ఒకే లావున్న గొట్టాలను కలుపుతుంది. ఎల్బో నీళ్ళను మలుపు తిప్పుతుంది. టీ వచ్చినదాన్ని రెండు దారులకూ పంచుతుంది. నేను మాత్రం లావు గొట్టాన్ని సన్న గొట్టానికి అప్పగించి ధార తగ్గిస్తాను. అందుకే పిసినారులకి నేనంటే ప్రాణం.

మండపేటలో ముక్తేశ్వర్రావు గారు నన్ను బేరమాడకుండా కొన్నారు. అది చూసి కొట్టువాడికే అనుమానం వచ్చింది.

ఆయన ఇంటి మేడమీద దమయంతి అద్దెకుంటూ కర్రీ పాయింట్ నడుపుతోంది. ఆవిడ గోంగూర కడిగినప్పుడల్లా ఈయన కింద కూర్చుని మోటారు కరెంటు తలుచుకుని కుమిలిపోయేవారు. ఖాళీ చెయ్యమందామంటే భార్య నాగరత్నం గారు ఊరుకోరు. దమయంతి గుత్తివంకాయ లేనిదే ఆవిడకి ముద్ద దిగదు. కాబట్టి చడీచప్పుడు లేకుండా నీళ్ళు తగ్గించాలి. నీళ్ళు చాలకపోతే పొయ్యి ఆరుతుంది, పొయ్యి ఆరితే దమయంతే సామాను సర్దుకుంటుంది. ఇదీ పథకం. అందులో ఆయుధాన్ని నేను.

ప్లంబర్ ఏసుబాబును డాబా ఎక్కించి, మెట్ల దగ్గరే నిలబడి ట్యాంకు చూపించారు.

"కుడిచేతేపు పైపురా అబ్బాయ్, మేడమీదికెళ్ళేది. మా ఆవిడకి తెలియకూడదు."

"మీరెళ్ళి కాఫీ తాగండి సార్. నేను బిగించానంటే నీళ్ళక్కూడా తెలవదు."

ఎండ మండుతోంది. ఏసుబాబు ట్యాంకు అవతల నీడలో చతికిలబడి, తన కుడిచేతి వైపున్న పైపును కోశాడు. నన్నూ నాలాంటి ఇంకోదాన్నీ చెరో కొసనా అతికించి, మధ్యలో బారెడు సన్న గొట్టం పెట్టాడు. అటు కూర్చున్నవాడి కుడి, ఇటు నిలబడ్డవాడికి ఎడమ. నాకు తెలుసు. చెబుదామంటే నాకున్న రెండు నోళ్ళూ గొట్టాలతో నిండిపోయాయి.

మర్నాడు పొద్దున్నే కింద నుంచి కేక వినిపించింది.

"ఏవండీ! కుళాయి ఏడుస్తోంది. తలకి కుంకుడు పులుసు పట్టించుకుని నిలబడ్డాను!"

మేడమీద దమయంతి బిందెలో మాత్రం ధార భోరుమంటోంది. ముక్తేశ్వర్రావు గారికి మతిపోయింది. నన్ను పెట్టించినా ఆవిడకి నీళ్ళెలా వస్తున్నాయి? ఏదో కిటుకుతో తన నీళ్ళు లాగేస్తోందని తేల్చుకుని మేడెక్కారు.

"ఏవమ్మా, మా నీళ్ళు దొంగతనంగా తోడేస్తన్నావా? రేపటికల్లా ఇల్లు ఖాళీ చెయ్!"

మెట్ల మీద కూరలకోసం వచ్చిన జనం మూగారు. దమయంతి చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"నలుగురిలో దొంగనన్నారు కదండీ, ఇక తేలాల్సిందే. ప్లంబర్ని పిలిపించండి. నా తప్పుంటే ఈ పూటే పోతాను."

"ఎందుకులే, సర్దుకుందాం" అని ఆయన గొణిగేలోపే, వెనకాల వచ్చిన నాగరత్నం గారు ఏసుబాబుకి ఫోన్ కొట్టారు.

ఏసుబాబు వచ్చి ఆ ముగ్గురినీ డాబా మీదికి తీసుకెళ్ళి, గర్వంగా నన్ను తట్టాడు.

"ఇదిగోండమ్మా, నీళ్ళు తగ్గించమని సారే పెట్టించారు. అతుకు ఎంత నున్నగా ఉందో చూడండి!"

"ఎవరికి తగ్గించమన్నారు?" అని నాగరత్నం గారు అడిగారు.

"మేడమీదోళ్ళకండి." అంటూ పైపు వెంబడి చూపు దించి, అది తిన్నగా కింద వాటాలోకి పోతోందని చూసి నాలిక్కరుచుకున్నాడు.

నాగరత్నం గారు భర్తని ఎగాదిగా చూసి, దమయంతి భుజం తట్టారు.

"నువ్వెళ్ళి కూర చూసుకోమ్మా, అడుగంటుతుంది. ఈ ఇంట్లోంచి నిన్నెవరూ కదపరు" అని దమయంతిని పంపేసి, ఏసుబాబు వైపు తిరిగారు. "దీన్ని ఇక్కణ్ణించి కోసెయ్. పారెయ్యకు. అయ్యగారి స్నానాల గదిలో షవర్‌కి బిగించు."

అప్పట్నుంచీ నా కాపురం ఇక్కడే. మధ్యాహ్నమైతే పైనుంచి గుత్తివంకాయ తాలింపు వాసన వస్తుంది. ముక్తేశ్వర్రావు గారు రోజూ ఒళ్ళంతా సబ్బు నురగతో నా కింద నిలబడి, వీపు ఒకసారి, పొట్ట ఒకసారి తిప్పుకుంటూ ఉంటారు. నీళ్ళు ఆదా చెయ్యాలన్న ఆయన కోరిక నేను అక్షరాలా తీరుస్తున్నాను. కృతజ్ఞత మాత్రం ఆ మొహంలో ఎక్కడా కనిపించదు.