అలకని ఎనిమిది గంపలు

అత్త స్నానం చేసిన నీళ్లను గంగక్క ఏనాడూ మట్టిపాలు కానిచ్చేది కాదు. స్నానాల బండ పక్కన గుంత తవ్వి పాత బాన ఒకటి దింపింది. అందులో చేరిన నీళ్లను చెంబుతో తోడి, పెరట్లో రాళ్ల మీద వరసగా పెట్టిన తంగేడు బరికెల గంపలకు పోసేది. ఒక్కసారిగా గుమ్మరిస్తే సందుల్లోంచి మట్టి కారిపోతుంది కాబట్టి చెంబు కింద అరచెయ్యి పెట్టి, వేళ్ల మధ్య నుంచి నీటిని జారనిచ్చేది. పొద్దున కొంచెం, పొద్దు గుంకే ముందు కొంచెం. గంపల్లో చింత మొక్కలున్నాయి. గుమ్మఘట్ట పక్కనున్న ఆ పల్లెలో ఎనభై మూడో సంవత్సరం ఎండలకు బిందెడు నీళ్లు కావాలంటే మైలున్నర నడవాలి. నడిచేది ఆడవాళ్లేనని వేరే చెప్పక్కర్లేదు.

"మనుషులకే గుక్కెడు లేవు, గంపలకు పోస్తాండాది మారాణి" అనేవాడు మొగుడు కొండప్ప.

ఆ మాట అనే మనిషి పొలం నుంచి రాగానే అరుగు మీద కూర్చుని కాళ్లు చాపి "నీళ్లు" అనేవాడు. ఆమె చేతికి పిండి అంటుకుని ఉన్నా, ఒళ్లో బిడ్డ పాలు తాగుతున్నా లేచి వచ్చి కాళ్ల మీద పోయాల్సిందే. పదేళ్ల కాపురంలో ఆ ఒక్క పిలుపుకు ఎన్ని పనులు మధ్యలో ఆగిపోయాయో లెక్కలేదు. తర్వాత అతనే నలుగురిలో కూర్చుని "మా ఇంటిదానికి ఏ పని చెప్పినా సగమేనప్పా" అని నవ్వించేవాడు. సగంలో లేపింది ఎవరో మాత్రం ఆ నలుగురిలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. గంగక్క కూడా నిజంగానే తాను సగం పనిదాన్నేమోనని నమ్మేసింది. ఒకే మాట రోజూ చెవిన పడితే అబద్ధానికి కూడా వేళ్లు దిగుతాయి.

ఊరి బయట సర్కారు నర్సరీలో ఆమె మూడేళ్లుగా కూలికి పోతోంది. నల్ల పాలిథీన్ కవర్లలో పెంచిన మొక్కలకు బావి నుంచి నీళ్లు మోసి పోయడం పని. పోయిన వానలకు గుట్ట మీద నాటిన మొక్కల్లో మూడింట రెండు వంతులు చచ్చిపోయాయి. మేస్త్రీ ఎర్రన్నకు ఎవరో ఒకరి తప్పు కావాలి.

"నీ వరసల్లోవే ఎక్కువ చచ్చినాయి గంగక్కా. నువ్వు నీళ్లు సరిగా పోయలేదు. సోమారం ఆఫీసరు వస్తాండాడు. వచ్చి పోయినాక నిన్ను పనిలో పెట్టుకునేకి కాదు."

ఆ పని పోతే పోయేది కూలి ఒక్కటే కాదు. పగలంతా ఎవరూ తన ముందు కాళ్లు చాపని చోటు అదొక్కటే ఆమెకు.

గుట్ట మీద ఎండిన మొక్కనొకదాన్ని అంతకుముందే పీకి చూసింది. కవరు తీసేసి నాటినా, వేరు మాత్రం కవరులో ఎలా ఉందో అలాగే గుండ్రంగా చుట్లు తిరిగి ఉంది. చుట్టూ నేలంతా ఖాళీగా ఉన్నా ఒక్క వేరూ అటు సాగలేదు. నీళ్లు లేక చచ్చిన మొక్క కాదిది అనుకుంది గానీ, నీళ్లు మోసేదాని మాట వినేదెవరు?

ఆదివారం పొద్దున పెరట్లో నీళ్లు పోస్తుంటే, కొన్ని గంపల సందులు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ గంపలు అల్లింది అత్త ఓబమ్మ. చూపు మసకబారినా ఆమె వేళ్లకు కళ్లున్నాయి. నిరుడు పద్దెనిమిది గంపలు అల్లి "చింత గింజలు పెట్టుకో, మన గట్టు మీద నాటుదాం" అంది. అల్లిన గంపను పేడతో అలకడం ఆ ఊరి ఆనవాయితీ. గింజ కారకుండా అలుకుతారు. అలకని గంప ఇంట్లో కనిపిస్తే కోడలు సోమరిదని ఊరు అనేస్తుంది. ఆ భయంతోనే గంగక్క వీటినీ అలకడం మొదలుపెట్టింది. పది అయ్యాయి. అప్పుడు అరుగు మీద నుంచి పిలుపు వచ్చింది. కాళ్లకు నీళ్లు పోసి, అన్నం పెట్టి, గిన్నెలు తోమి వచ్చేసరికి పేడ ఎండిపోయింది. మిగిలిన ఎనిమిదింటి కోసం మళ్లీ పేడ కలపబోతే ఓబమ్మ తడుముకుంటూ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"చాలు గంగీ. నడుం వాల్చు పో. గంపలకూ ఊపిరాడనీ, నీకూ ఆడనీ."

చాలు అన్న మాట అంతవరకు గంగక్కతో ఎవరూ అనలేదు, కన్నతల్లితో సహా. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా చాలాసేపు ఉంది. ఓబమ్మే ఆ ఎనిమిదింటిలో ఎండుగడ్డి పరిచి మట్టి నింపింది. చెదలు పట్టకుండా అన్నిటినీ రాళ్ల మీదికి ఎక్కించింది.

ఇప్పుడు ఆ ఎనిమిదింటి సందుల్లో మొక్కల వేళ్ల కొనలు కనిపిస్తున్నాయి, గాలికి ఎండి ఆగిపోయి. అలికిన పదింటికీ బయట ఏమీ లేదు. గంగక్క కొడవలి తెచ్చి రెండు రకాల్లో ఒక్కో గంపను చీల్చింది. అలికిన గంపలో వేరు గోడకు తగిలి చుట్టుకుపోయి ఉంది. అలకని దాంట్లో ఒక్క వేరూ తిరగలేదు. గాలి తగిలిన చోట ఆగింది. ఆగిన వేరు వెనక నుంచి సన్నని పిల్లవేళ్లు లెక్కలేనన్ని పుట్టి, మట్టిని ముద్దలా పట్టుకున్నాయి.

సోమవారం అలికినదొకటి, అలకనిదొకటి, రెండు గంపలు నెత్తిన పెట్టుకుని పనికి పోయింది. ఎర్రన్న ఆఫీసరుకు ఆమె వరసలు చూపిస్తుండగా ముందుకు వచ్చి గంపలు దించింది. అందరి ముందు మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"రెండిటికీ ఒకే నీళ్లు సార్. పోసింది నేనే. చూడండి."

కొడవలితో చీల్చింది. ఆఫీసరు గొంతుక్కూర్చుని వేళ్లను చేత్తో విడదీసి చూశాడు.

"ఇందులో వేరు తిరగలేదే?"

"తిరిగేదానికి గోడ లేదు సార్. గాలి తగిలిన కాడ నిలబడిపోతాది, ఎనక నుంచి కొత్తవి వస్తాయి. కవర్లలో అట్ల కాదు. నా వరసల్లోవి నీళ్లు తక్కువై చావలేదు సార్."

"వీటికి నీళ్లు ఎక్కువ పట్టవా?"

"తొందరగా ఆరిపోతాయి. ఒక్కతూరి కుమ్మరించకుండా రెండు పూటలా కొంచెం కొంచెం పోయాల. నేల మీద పెట్టగూడదు, రాళ్ల మీద పెట్టాల."

"ఎవరు నేర్పినారు?"

"నేను చెప్తానే ఉంటా సార్" అన్నాడు ఎర్రన్న.

గంగక్క అతని వైపు చూడలేదు. "అల్లింది మా అత్త ఓబమ్మ సార్. సగంలో ఆపమన్నదీ ఆమే."

ఆఫీసరు పొగడలేదు. ఈ విడత సగం మొక్కలు గంపల్లో పెట్టమని, ఆ వరసలు ఈమెకే అప్పగించమని ఎర్రన్నతో చెప్పి జీపెక్కాడు. అది చాలు గంగక్కకు.

ఆ సాయంత్రం అంతా విని ఓబమ్మ బోసినోటితో నవ్వింది. అప్పటికే బరికెలు ముందేసుకుంది. అత్త పక్కన కూర్చుని గంగక్క తన మొదటి గంప అల్లడం మొదలుపెట్టింది. కొండప్ప వచ్చి అరుగు మీద కాళ్లు చాపాడు.

"నీళ్లు."

అలవాటుగా ఆమె మోకాలు లేవబోయింది. ఒక రకంగా ఈ మనిషికీ రుణపడి ఉన్నాను అనుకుంది. ఆ రోజు పిలవకపోతే పద్దెనిమిదీ అలికేసేదే. మోకాలు మళ్లీ నేలకు ఆనించింది.

"బాన కాడ చెంబుండాది. ఆ బండ మీదనే కడుక్కో, నీళ్లు గంపలకు కావాల."

కొండప్ప నమ్మలేనట్టు తల్లి వైపు చూశాడు. ఓబమ్మ తల తిప్పకుండా ఇంకో బరికె తడిమి కోడలి చేతికి అందించింది.

"పోరా కొండా. అది పనిలో ఉండాది."