సలహా గంట

సలహాదారులకు సలహాలిచ్చే సదస్సు అంటే నవ్వొస్తుంది గానీ, మాకది ఏటా ఉంటుంది. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళూ, అది పూర్తయ్యాక పక్కా ఉద్యోగం దొరక్క కాంట్రాక్టు మీద కాంట్రాక్టు రాయించుకుంటూ ల్యాబుల్లో మగ్గే పోస్ట్‌డాక్‌లూ మా దగ్గరికి వస్తారు. ఇకపై ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి వాళ్ళకు సాయపడటం మా పని. అలాంటి వాళ్ళమంతా ఒక హోటల్ హాల్లో చేరతాం. మెడలో పేరు కార్డులు వేలాడేసుకుని, చల్లారిన కాఫీ తాగుతూ, మా విశ్వవిద్యాలయాలు మమ్మల్ని ఎలా పట్టించుకోవో ఒకరికొకరం చెప్పుకుంటాం. మరుసటి ఏడాది మళ్ళీ అవే చెప్పుకుంటాం.

మా వృత్తిలో పెద్ద నియమం ఏమిటంటే, సలహా ఇవ్వకూడదు. బయటివాళ్ళకు ఇది విడ్డూరంగా ఉంటుంది. వచ్చినవాళ్ళను అడగాలి, వినాలి, వాళ్ళ దారి వాళ్ళే వెతుక్కునేలా చూడాలి. మన ఇష్టాన్ని వాళ్ళ నెత్తిన రుద్దకూడదు. ఇది నేర్పడానికి నేనొక ఆట కనిపెట్టాను. ముగ్గురేసి ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకరు విద్యార్థి, ఒకరు సలహాదారు, మూడోవారి ముందు హోటల్ కౌంటర్ మీద ఉండేలాంటి బుల్లి గంట. సలహాదారు నోట "ఇలా చెయ్యి" అన్న మాట వచ్చిందా, గంట కొట్టాలి. నేను సలహాదారుగా కూర్చుంటే గంట మోగదని మావాళ్ళలో పేరు. నేనూ కాదనను. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేముంది గనక.

ఈసారి మాత్రం నా మనసు హాల్లో లేదు, మా తమ్ముడి దగ్గరుంది. వాడి ముద్దుపేరు పండు. నలభైకి దగ్గరపడ్డాడు, నెత్తిన జుట్టు పలచబడింది, అయినా నాకు పండే. వాడికి నేనూ, నాకు వాడూ తప్ప ఇంకెవరూ లేరు. తొమ్మిదేళ్ళుగా పోస్ట్‌డాక్‌గానే ఉన్నాడు. ఊరు మారుస్తాడు, ల్యాబు మారుస్తాడు, జీతం మాత్రం మారదు. పెళ్ళి మాటెత్తితే, ఏ ఊళ్ళో చేసుకోమంటావని నన్నే ఎదురడుగుతాడు.

ఇప్పుడున్న ల్యాబువాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు. సరిగ్గా అప్పుడే, నేనుండే ఊళ్ళో ఒక చిన్న కాలేజీవాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. పక్కా ఉద్యోగం, కాకపోతే పరిశోధన వదులుకోవాలి. ఏదో ఒకటి తేల్చి చెప్పడానికి వాడికి ఇవాళ సాయంత్రం దాకా గడువు.

ఆదివారం ఫోన్ చేశాడు.

"అక్కా, నన్నేం చెయ్యమంటావ్?"

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"అది తెలీకే కదా నిన్నడుగుతున్నా."

"ల్యాబు వదిలేస్తే ఏం పోగొట్టుకుంటానని భయపడుతున్నావ్?"

"ఆఫీసు మాటలు ఆఫీసులో పెట్టుకో అక్కా. నువ్వేమనుకుంటున్నావో అది చెప్పు" అన్నాడు.

"నిర్ణయం నీది, పండూ."

"సర్లే" అని పెట్టేశాడు.

నేనేమనుకుంటున్నానో నాకు శుభ్రంగా తెలుసు. వచ్చెయ్యమనే అనుకుంటున్నాను. మా ఇంట్లో వెనక గది ఖాళీ. అందులో ఇస్త్రీ బల్ల, చక్రం ఊడిన సూట్‌కేసు తప్ప ఏమీ లేవు. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్ళి లైటు వేస్తే, పొద్దున వదిలిన చెంచా వదిలినచోటే ఉంటుంది. మొన్న జ్వరంతో పడుకున్నప్పుడు నన్ను ఎలా ఉందని అడిగింది మందుల షాపాయన ఒక్కడే. అందుకే చెప్పలేకపోయాను. వాడి మంచి కోరి రమ్మంటున్నానో, నాకు తోడు కావాలని రమ్మంటున్నానో తేలక నోరు కుట్టేసుకున్నాను. సలహాదారు తన అవసరాన్ని గది బయటే వదిలి రావాలని పాఠం చెప్పేదాన్ని నేనే కదా మరి.

మధ్యాహ్నం నా ఆట మొదలైంది. ఒక బల్ల దగ్గర ఒక మనిషి తక్కువపడ్డారు. అక్కడ గంట పట్టుకుని గళ్ళకోటు పెద్దాయన కూర్చున్నాడు. ఆయన ఏటా వస్తాడు, ఏటా అదే కోటు. ఆయన పక్కన కొత్తావిడ. నిన్నమొన్నటి దాకా ల్యాబులో పనిచేసి, విసిగి ఈ మధ్యే మా వృత్తిలోకి వచ్చిందట.

"మేడమ్, మాకు విద్యార్థి లేడు. మీరే కూర్చోవాలి" అన్నాడు గళ్ళకోటాయన.

"నేను కూర్చుంటే మీ గంటకు పనుండదండీ."

"సలహాదారు మీరు కాదుగా, ఈవిడ. నా గంటకేం ఢోకా లేదు."

కొత్తావిడ సిగ్గుపడుతూ నవ్వింది. నేను కూర్చున్నాను. ఏదో ఒక విద్యార్థి కథ కల్పించి చెప్పాలి. ఎంత ఆలోచించినా పండు కథ తప్ప ఇంకేదీ తట్టలేదు. పోనీలే, వీళ్ళకేం తెలుస్తుందని అదే మొదలుపెట్టాను.

"నేను తొమ్మిదేళ్ళుగా పోస్ట్‌డాక్‌ని. ల్యాబులో ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. మా అక్క ఉన్న ఊళ్ళో కాలేజీ ఉద్యోగం కూడా వచ్చింది. నాకు అక్కా, అక్కకి నేనూ తప్ప ఇంకెవరూ లేరు. ఏం చెయ్యమంటావని అక్కని అడిగాను. ఏమీ చెప్పలేదు."

"ఆవిడ ఏమీ చెప్పకపోతే మీకేమనిపించింది?" కొత్తావిడ పద్ధతిగానే అడిగింది.

"అక్కకి నేను రావడం ఇష్టం లేదేమో అనిపించింది."

ఆ జవాబు నేను ముందుగా అనుకున్నది కాదు. దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. ఆదివారం నాడు వాడికి నా మాటల్లో వినపడింది ఇదే అయ్యుంటుంది.

కొత్తావిడ నియమాలన్నీ మర్చిపోయింది. బల్ల మీదికి వంగి నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో, అలా ఎందుకనుకుంటారండీ. ఆవిడకి మాత్రం ఎవరున్నారు. వెళ్ళిపోండి మీ అక్క దగ్గరికి."

గంట మోగింది. చుట్టుపక్కల బల్లలవాళ్ళు ఇటు తిరిగి నవ్వారు. కొత్తావిడ నాలుక కరుచుకుంది.

"సారీ మేడమ్. నోరు జారింది."

"ఏం పర్లేదు" అని లేచాను. "గంట అలా కొడుతూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని గళ్ళకోటాయనకు చెప్పి, ఫోన్ తీసుకుని బయటికి నడిచాను.

వరండాలో ఎవరూ లేరు. గోడ వారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీలు, బల్ల మీద ఖాళీ కప్పులు. గడువు ఇంకా దాటలేదు. వాడు వెంటనే ఎత్తాడు.

"ఏంటక్కా, సదస్సు మధ్యలో ఫోను? నీ ఆట గంట ఎవరైనా ఎత్తుకుపోయారా?"

"పండూ, నోరు మూసుకుని విను. వచ్చెయ్. ఆ కాలేజీ ఉద్యోగం తీసుకుని వచ్చెయ్. వెనక గది సర్దిస్తాను. నీకది మంచిదో కాదో నాకు తెలీదురా. నాకు మాత్రం నువ్వు రావాలని ఉంది."

అవతల ఏదో యంత్రం ఝుమ్మని తిరుగుతోంది. వాడు దాన్ని ఆపేశాడు.

"ల్యాబు కాగితాల మీద సంతకం పెట్టేశానక్కా. పొద్దున్నే."

"సాయంత్రం దాకా గడువుందన్నావ్ కదరా."

"ఉంది. నువ్వేమీ అనవని తెలిశాక ఇంకెందుకు ఆగడం అనుకున్నా. కాలేజీకి కూడా రానని చెప్పేశా. వాళ్ళు అప్పుడే ఇంకొకర్ని తీసుకున్నారు."

నేను కుర్చీల వరసకు ఆనుకుని నిలబడ్డాను.

"రెండేళ్ళే కదక్కా, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయి" అని తిరిగి వాడే నాకు ధైర్యం చెప్పాడు. ఆపైన "నీకేమనిపిస్తోంది?" అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాను, కానీ వాడి గొంతులో వెక్కిరింత లేదు.

"ఒంటరిగా ఉందిరా" అన్నాను. "చాలా ఏళ్ళ నుంచి."

"నాకూ అంతే."

ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు. తలుపు వెనక మళ్ళీ గంట మోగింది. ఎవరో ఎవరికో, ఇలా చెయ్యమని చెప్పేసినట్టున్నారు.